ఫిల్టర్ వేస్తే వరుసలు ఎందుకు తగ్గిపోతాయి?

పైథాన్‌లో రాసిన షరతులను ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి డేటాబేస్‌కు పంపే ఓఆర్ఎం లైబ్రరీల్లో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ ఒకటి. మైక్ బేయర్ రూపొందించిన ఈ లైబ్రరీ 2006లో విడుదలైంది. ఇందులో ఫిల్టర్ తప్పుగా రాస్తే చాలాసార్లు ఎర్రర్ రాదు. జవాబు వస్తుంది, కాకపోతే తప్పు జవాబు. చిక్కంతా అక్కడే.

ఒక టేబుల్‌లో 100 పింఛను దరఖాస్తులు ఉన్నాయనుకుందాం. 30 గుంటూరువి, 60 వేరే జిల్లాలవి, మిగతా 10 వరుసల్లో జిల్లా గడి నల్, అంటే విలువే లేదు. 'జిల్లా != గుంటూరు' అని ఫిల్టర్ వేస్తే 70 వస్తాయని అనుకుంటాం. వచ్చేవి 60. ఆ పదిమంది గుంటూరు జాబితాలోనూ ఉండరు, మిగతా జిల్లాల జాబితాలోనూ ఉండరు.

ఎస్‌క్యూఎల్‌లో నల్ అంటే 'తెలియదు' అని అర్థం. తెలియనిదాన్ని గుంటూరుతో పోలిస్తే వచ్చే ఫలితం అవును కాదు, కాదు కూడా కాదు; అదీ 'తెలియదు' అనే. వేర్ షరతు మాత్రం 'అవును' అని తేలిన వరుసలనే ఉంచుతుంది. కాబట్టి 'లేదా జిల్లా నల్' అనే షరతును ఓఆర్_ తో కలపాలి, లేదా ఈజ్_డిస్టింక్ట్_ఫ్రమ్ వాడాలి. జాంగో ఓఆర్ఎంలో ఎక్స్‌క్లూడ్ నల్ వరుసలను తనంతట తానే ఉంచుతుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తా పడేది అందుకే.

నాట్_ఇన్ ఇంకా మొండిది. ఇచ్చిన జాబితాలో ఒక్క నన్ దూరినా ఒక్క వరుస కూడా రాదు.

మరో పొరపాటు పైథాన్ మాటలనే షరతులో రాయడం. 'ఈజ్ నన్' అని రాస్తే అది డేటాబేస్ దాకా వెళ్లదు. పైథానే ఫాల్స్ అని తేల్చేస్తుంది, ఫలితం సున్నా వరుసలు. ఈజ్_ అనే మెథడ్ వాడాలి. రెండు '==' షరతుల మధ్య 'అండ్' పెడితే రెండోది చప్పుడు లేకుండా రాలిపోతుంది, వరుసలు ఎక్కువొస్తాయి. కామాతో విడదీయండి. '&' పెడితే ఒక్కో షరతుకు కుండలీకరణం తప్పనిసరి.

అనుమానం వస్తే ఇంజిన్ తయారుచేసే చోట ఎకోను ట్రూ చేయండి, పంపిన ఎస్‌క్యూఎల్ అంతా తెరమీద కనిపిస్తుంది. వార్తకు అంకెలు తీసేటప్పుడు నేను దానికన్నా ముందు ఒక కూడిక చేస్తాను: సరిపోలినవి, సరిపోలనివి, నల్‌వి. మూడూ కలిపితే 100 రావాలి.