ఆరుబయట ఎక్స్‌టెన్షన్ తీగలు: వాడకం, భద్రత

జనరేటర్, ఇన్వర్టర్ బ్యాటరీ, పవర్ స్టేషన్ వంటివి వెంట తీసుకుపోగల విద్యుత్ వనరులు. వాటి నుంచి ఆరుబయట దీపాలకు, ఫ్యాన్లకు, చిన్న మోటార్లకు కరెంటు అందించే తాత్కాలిక తీగే ఎక్స్‌టెన్షన్ తీగ. గుడారం వేసుకుని అడవికో, చెరువుగట్టుకో విహారానికి వెళ్ళేవారు దీన్ని ఇటీవలే వాడుతున్నారు. పొలంలో రాత్రిళ్ళు గడిపే రైతుకు మాత్రం ఇది పాత అవసరమే. ప్రమాదాలను లెక్కేసేటప్పుడు అందరూ జనరేటర్ వైపు చూస్తారు. కానీ మనిషి చేయి తగిలేది, కాలు తొక్కేది, టైరు నలిపేది మధ్యలో ఉన్న తీగనే.

చీమకుర్తి ప్రాంతంలో వాడకం

ప్రకాశం జిల్లాలో ఒంగోలు–పొదిలి రోడ్డు మీదున్న చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు ప్రపంచ ప్రసిద్ధి. ఇక్కడి క్వారీల్లో రాయి కోసే డైమండ్ వైర్ సాలకు, నీళ్ళు తోడే పంపులకు నేలమీద లాగే కేబుళ్ళు గనుల భద్రతా నిబంధనల పరిధిలోకి వస్తాయి. వాటిని చూడటానికి ఎలక్ట్రీషియన్ ఉంటాడు. మిరప కల్లంలో లాగిన తీగను చూసేవాడు ఎవరూ ఉండరు. కోతలు సాగే నెలల్లో కాయ ఎండే దాకా రైతు కల్లంలోనే పడుకుంటాడు. దొంగల భయం ఒకటి, అకాల వాన వస్తే పట్టలు కప్పాల్సిన తొందర మరొకటి. అందుకు వెలుతురు కావాలి. పైన పోయే లైనుకు కొక్కెం తగిలించి బల్బు వెలిగించే అలవాటు ఈ అవసరం నుంచే పుట్టింది. అది నేరమే కాదు, ప్రాణాంతకం కూడా. ఆ కరెంటుకు స్విచ్చు ఉండదు, ఫ్యూజు ఉండదు. లోపం వచ్చినప్పుడు ఆపేదేదీ ఉండదు.

ఈ సీమలో తాత్కాలిక విద్యుత్తుకు పెద్ద ఉదాహరణ నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్ళు. మహాశివరాత్రికి పల్లెల నుంచి కదిలివచ్చే ఎత్తైన విద్యుత్ ప్రభలు జనరేటర్ల మీదే వెలుగుతాయి. కదిలే ప్రభలో తీగ ఊగుతుంది, అతుకులు వదులవుతాయి. అందుకే అనుభవమున్న లైటింగ్ పనివాళ్ళు తీగను చట్రానికి దగ్గర దగ్గరగా కట్టి, బరువు అతుకుల మీద పడకుండా చూస్తారు. కల్లంలో గుంజకు కట్టే ఒక్క బల్బుకైనా ఇదే పద్ధతి పాటించాలి.

తీగ మందం, పొడవు

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గులు 6 ఆంపియర్లవి, 16 ఆంపియర్లవి. బజారులో చవగ్గా దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సుల తీగ తరచుగా 0.75 చదరపు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. దీపాలకు, ఫోన్ చార్జింగుకు అది చాలు. అదే తీగను 50 మీటర్లు లాగి 10 ఆంపియర్ల మోటారు పెడితే, పోయే దారీ వచ్చే దారీ కలిపి 100 మీటర్ల రాగి అడ్డుపడుతుంది. దాదాపు 26 వోల్టులు దారిలోనే పోతాయి, 260 వాట్లు తీగను వేడి చేయడానికే ఖర్చవుతాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం 13 వోల్టులకు, 2.5 తీగలో 8 వోల్టులకు తగ్గుతుంది. వోల్టేజి తగ్గితే మోటారు సరిగా తిరగక ఇంకా వేడెక్కుతుంది.

ఆ తీగ చుట్టలోనే ఉంటే వేడి బయటికి పోదు. లోపలి పొరల్లో ప్లాస్టిక్ మెత్తబడి తీగలు ఒకదానికొకటి తగులుకుంటాయి. డ్రమ్ము మీద చుట్టిన తీగను బరువైన పనికి వాడేటప్పుడు పూర్తిగా విప్పి పరచాలి. 5 మీటర్ల దూరానికే అయినా మిగతాదంతా విప్పి వదులుగా నేలమీద వెయ్యాల్సిందే.

బాక్సు, ప్లగ్గు, అతుకులు

మూడు పిన్నుల్లో పొడవాటి పిన్ను ఎర్తుది. దాన్ని విరిచి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చడం, ప్లగ్గే లేకుండా రెండు తీగల కొసలను సాకెట్‌లో పెట్టి అగ్గిపుల్లలతో బిగించడం మన పల్లెల్లో కనిపించే పనులు. రెండూ మానేయాలి. మొదటిదాని వల్ల మోటారు ఇనుప కవచానికి కరెంటు వచ్చినా ఫ్యూజు తెగదు. రెండోదానిలో వదులుగా ఉన్న చోట నిప్పురవ్వలు లేస్తాయి. ఎండు మిరపకాయల రాశి పక్కన అది మంటకు దారి తీస్తుంది.

మంచుకు, తడికి గురయ్యే బాక్సును నేలమీద పెట్టకూడదు. గుంజకో బల్లకో కట్టాలి. తీగ పైనుంచి నేరుగా బాక్సులోకి దిగకుండా, కొంచెం కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా అమర్చితే వాన నీళ్ళు తీగ వెంబడి లోపలికి కారవు. ట్రాక్టరు దాటే చోట తీగను నేలమీద వెయ్యకుండా ఎత్తుగా కట్టాలి, లేదా గట్టి పైపులో నుంచి తీసుకుపోవాలి. నల్లరేగడి వేసవిలో పగుళ్ళిస్తుంది, ఎలుకలు ఆ పగుళ్ళలోనే తిరుగుతాయి. అందుకని తీగను ప్రతిసారీ కొస నుంచి కొస దాకా చేత్తో తడిమి చూడాలి, అదీ ప్లగ్గు తీసేశాకే.

జనరేటర్, బ్యాటరీ

జనరేటర్ పొగలో వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. చలికో వానకో జనరేటర్‌ను గుడారంలోకో పాకలోకో తెచ్చుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. దానికి గుడారం నుంచి కనీసం 6 మీటర్ల ఎడం ఉండాలి, గాలి అటునుంచి ఇటు వీచకూడదు. చిన్న తీగతో సరిపెట్టాలని జనరేటర్‌ను దగ్గరికి జరపడం కంటే పొడవైన, తగిన మందమున్న తీగ కొనడం ఎంతో మేలు.

చిన్న జనరేటర్లలో చాలావాటి న్యూట్రల్ భూమికి గానీ చట్రానికి గానీ కలిసి ఉండదు. ఒక్క తీగను తాకినప్పుడు షాక్ కొట్టకపోవడానికి కారణం ఇదే. ‘జనరేటర్ కరెంటు ఏమీ చేయదు’ అనే నమ్మకమూ దాన్ని చూసే పుట్టింది. ఒక తీగ పైపొర ఎక్కడో చిరిగి తడినేలకు తగిలి ఉంటే, రెండో తీగను తాకినవారికి పూర్తి 230 వోల్టులూ తగులుతాయి. కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కాపాడుతుందని అనుకుంటారు గానీ, రెండు లోపాలూ దాని తరువాతి తీగల్లోనే ఉంటే పోయే కరెంటూ వచ్చే కరెంటూ సమానంగానే కనిపించి అది పడిపోదు. నేలలో ఎర్తు రాడ్డు పాతినంత మాత్రాన ఈ లోటు తీరదు. న్యూట్రల్‌ను చట్రానికి కలపాలా వద్దా అన్నది తయారీదారు సూచన చూసి ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

కరెంటు పోయినప్పుడు రెండు కొసలకూ ప్లగ్గు ఉన్న తీగతో జనరేటర్‌ను ఇంటి సాకెట్‌కు కలపడం ఎన్నటికీ చేయరానిది. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులుగా మారి, లైను ఆగిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపగలదు.

కల్లం కాపలాకు అసలు 230 వోల్టులు అక్కర్లేదు. 12 వోల్టుల బ్యాటరీ, ఎల్‌ఈడీ దీపం, చిన్న సోలార్ పలక చాలు. షాక్ భయం ఉండదు. అయినా 12 వోల్టుల బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు పారి తీగ ఎర్రబడుతుంది. అందుకే బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. లిథియం పవర్ స్టేషన్లను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. ప్రకాశం వేసవిలో మూసిన కారులోని వేడి ఆ హద్దును సులువుగా మించిపోతుంది.

చట్టం, అత్యవసరం

2003 విద్యుత్ చట్టం 54వ సెక్షన్ ప్రకారం 100 మందికి తగ్గకుండా జనం చేరే చోట 250 వాట్లు, 100 వోల్టులు మించిన కరెంటు వాడాలంటే కనీసం 7 రోజుల ముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు, జిల్లా మేజిస్ట్రేటుకు లేదా పోలీసు కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తిరునాళ్ళ నిర్వాహకులు ఈ నిబంధనను ముందుగానే గుర్తు పెట్టుకోవాలి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు జనరేటర్ ఆపాలి, లేదా ప్లగ్గు లాగాలి. అది కుదరకపోతే పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి. మనిషిని చేత్తో పట్టుకోకూడదు. తెగి పడింది పైలైను తీగ అయితే కర్రతో కూడా దగ్గరికి పోకూడదు. 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించాలి. స్పృహ, ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాలి, ఎందుకంటే షాక్ తర్వాత గుండె లయ తప్పి ఉండవచ్చు.