నూర్పిడి మిషన్‌కు మూత ఎలా వచ్చింది

ఎడ్లతో బంతి తిప్పిన కళ్లాల్లో పెరిగినవాణ్ని. ట్రాక్టరు మెకానిక్ పని నా బతుకుదెరువు. హరిత విప్లవంతో పంజాబ్, హర్యానా గోధుమ కళ్లాల్లోకి నూర్పిడి మిషన్లు వెల్లువెత్తాయి. పనలు అందిస్తూ డ్రమ్ములో చేతులు పోగొట్టుకుని ఎందరో కూలీలు అవిటివాళ్లయ్యారు. వాళ్ల గోడు వల్లే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. పనలు పెట్టే తొట్టి కనీసం 900 మిల్లీమీటర్ల పొడవుండాలని, అందులో 450 మిల్లీమీటర్ల మేర పైన మూత ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. చెయ్యి డ్రమ్ము పళ్లదాకా వెళ్లకూడదనే ఈ కొలత.

మరమ్మతు వేళ ఆ మూత ఊడదీస్తాం. మిషన్‌ను తిప్పే ట్రాక్టరు ఇంజను ఆపినా మిషన్ బరువైన చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగాక, బెల్టు తప్పించి, ట్రాక్టరు తాళంచెవి జేబులో వేసుకున్నాకే పానా పట్టండి. మూత బిగించందే మిషన్ అప్పగించకండి.