జైలు గోడ మీద పద్యానికి ఎన్ని వ్యూస్?

భిక్నూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ కథలు రాసేవాళ్ల కోసం, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ల కోసం, ఫోన్ నోట్స్‌లో కవితలు రాసుకుని ఎవరికీ చూపించకుండా దాచుకునేవాళ్ల కోసం. ప్రశ్న అందరికీ తెలిసిందే. మనకు నచ్చింది రాయాలా, జనానికి నచ్చేది రాయాలా? దీని మీద సలహాలు ఇచ్చే వీడియోలు బోలెడున్నాయి. ఇంకొక సలహా మీకు అక్కర్లేదు. మన ఇందూరులో జరిగిన ఒక సంగతి చెప్తాను, వినండి.

ఇక్కణ్ణుంచి కామారెడ్డి మీదుగా పోతే నిజామాబాద్. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా అయ్యేదాకా మనది కూడా నిజామాబాద్ జిల్లానే. ఆ ఊళ్లో గుట్ట మీద ఖిల్లా ఉంది, లోపల రఘునాథ స్వామి గుడి ఉంది. నిజాం కాలంలో ఆ కోటనే జైలుగా వాడారు. 1948 ప్రాంతంలో, అంటే హైదరాబాద్ సంస్థానం ఇంకా ఇండియాలో కలవకముందు, రజాకార్ల దౌర్జన్యం నడుస్తున్న రోజుల్లో, ఆ జైల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు ఉన్నారు. ఒకాయన దాశరథి కృష్ణమాచార్య. అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాడు. మీ వయసువాడే అనుకోండి. ఇంకొకాయన వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కంటే పదేళ్లు పెద్ద.

దాశరథికి పద్యం వస్తోంది, రాయడానికి కాయితం లేదు, కలం లేదు. పండ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గు ఉంది. ఆ బొగ్గుతో గోడ మీద రాశాడు. నిజాంను తిట్టిన పద్యాలు, తెలంగాణను వీణతో పోల్చిన పద్యం. ఆ వీణ మాట మీరందరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు, ఉద్యమం రోజుల్లో అది వినపడని సభ లేదు. జైలువాళ్లు చూసి గోడ కడిగించారు, కొట్టారు, మళ్లీ గోడ మీద రాత పడింది. ఈ సంగతి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. బొగ్గు, గోడ, ఇద్దరు మనుషులు మాత్రం అందరి మాటలోనూ ఉంటాయి.

మనం పెట్టే స్టోరీ ఇరవై నాలుగు గంటలు ఉంటుంది. ఆయన స్టోరీ జమేదారు వచ్చేదాకానే.

ఇప్పుడు చెప్పండి, ఆ పద్యం ఎవరి కోసం రాసినట్టు? తన కోసమే అంటారా? తన కోసమే అయితే మనసులో అనుకుంటే సరిపోయేది, దెబ్బలు తప్పేవి. గోడ మీద రాశాడంటే ఎవరో చదవాలనే గదా! సరే, జనం కోసం రాశాడంటారా? ఆ జైల్లో జనం ఎక్కడున్నారు? తోటి ఖైదీలు, కాపలావాళ్లు. పక్కన ఆళ్వారుస్వామి. చప్పట్లు లేవు, పైసలు లేవు, పత్రికలో పేరు రాదు. వచ్చేదల్లా లాఠీ.

అందుకే ‘నా కోసమా, జనం కోసమా’ అనే ప్రశ్న దగ్గరే తిరకాసు ఉందని నాకు అనిపిస్తుంది. వినేవాడు ఒక్కడైనా లేకుండా ఎవరూ కథ చెప్పరు. అసలు చూడాల్సింది వేరే. ఆ వినేవాడి చేతిలో మన అన్నం ఉందా, లేదా? ఇట్లా కాదు అట్లా రాయి అని మనకు చెప్పే అధికారం ఆయనకు ఉందా? ఆళ్వారుస్వామి చేతిలో దాశరథికి ఇవ్వడానికి ఏమీ లేదు, వినడం తప్ప. ఆ వినికిడికి ఎంత విలువ అంటే, 1949లో ‘అగ్నిధార’ పుస్తకంగా వచ్చినప్పుడు దాశరథి దాన్ని ఏ జమీందారుకో మంత్రికో ఇవ్వలేదు, ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు.

కొంచెం వెనక్కి పోదాం. అప్పటి తెలంగాణలో తెలుగు రాసేవాడికి అసలు పాఠకుడు ఎక్కడున్నాడు? బడిలో చదువు ఉర్దూలో, కచేరీల్లో పని ఉర్దూలో. తెలుగు అచ్చాఫీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలంగాణలో కవులే లేరని అవతలి నుంచి ఒక పండితుడు అన్నాడు. గోలకొండ పత్రిక నడిపే సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు వ్యాసంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. రాసేవాళ్లందరూ పంపండి అని అడిగి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేశాడు. అందులో 354 మంది కవులున్నారు!

ఒక్కసారి ఆలోచించండి. అంతమంది ఊళ్లల్లో కూర్చుని రాసుకుంటున్నారు, పక్క ఊరివాడికి కూడా తెలియదు. మీ ఫోన్ నోట్స్ లాంటిదే, కాకపోతే తాటాకుల్లో, నోటు పుస్తకాల్లో. వాళ్లను నేను ఎక్కువ పొగడను. ఆ సంచికలో పద్యాలన్నీ గొప్పవి కావు. ఎవరూ అడగకపోతే రాసినవాడు అలవాటైన దారిలోనే పోతుంటాడు, దేవుడి మీద ఒక శతకం, రాజు మీద ఒక స్తుతి. తన కోసమే రాసుకుంటే స్వేచ్ఛ దానంతటదే రాదు. ఇది చాలామంది ఒప్పుకోరు గానీ, ఆ సంచిక తిరగేస్తే తెలుస్తుంది.

ఇక ఆళ్వారుస్వామి సంగతి. నాకు ఈయన మీద ఇష్టం కొంచెం ఎక్కువ, ముందే చెప్తున్నా. నల్లగొండ వైపు 1915లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పంతుళ్ల ఇండ్లల్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు, హోటల్లో సర్వర్‌గా చేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు అచ్చేయడం ఒక్కటే కాదు, మోసుకుపోయి అమ్మేది కూడా ఆయనే. అంటే పాఠకుడి మొహం రోజూ చూసిన మనిషి. ఏ పుస్తకం చూస్తే చెయ్యి జేబులోకి పోతుందో, ఏది తిరగేసి కింద పెడతారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అనలిటిక్స్ అంతా ఆయన కాళ్లల్లోనే ఉంది.

అట్లాంటి మనిషి తాను కథలు రాసే వంతు వచ్చేసరికి ఏం రాశాడు? జైల్లో చూసిన మామూలు నేరస్థుల గురించి రాశాడు. రాజకీయ ఖైదీల వీరగాథలు రాసి ఉంటే అప్పట్లో జనం ఎగబడేవాళ్లు, ఆయనే ఒక వీరుడు మరి. అది వదిలేసి దొంగలని, హంతకులని లోకం అన్నవాళ్లు ఎట్లా అక్కడికి వచ్చారో కథలు చేశాడు. ఆ పుస్తకం పేరు ‘జైలు లోపల’. తర్వాత 1955లో ‘ప్రజల మనిషి’ నవల. కంఠీరవం అనే యువకుడు, రామభూపాలరావు అనే దేశ్‌ముఖ్, ఊళ్లో వెట్టి. పదిహేడేళ్లు పక్కవాళ్ల పుస్తకాలు మోసినాక, నలభై ఏళ్లకు అచ్చులోకి వచ్చిన మొదటి నవల అది. జనానికి ఏం కావాలో తెలిసి కూడా, జనం అడగని మనుషుల్ని జనం ముందు పెట్టాడు. జనాన్ని తక్కువ చేయలేదు, వాళ్లకు లొంగిపోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం చాలా అరుదు.

అందరికీ ఆ వీలు ఉండదు. మన పాత జిల్లాలోనే చూడండి, బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా పేరున్న కళాకారిణి. చిందు భాగవతం వాళ్లకు ఏ ఊళ్లో ఆడాలో ముందే హక్కుగా పంచుకుని ఉంటుంది. ఆ ఊరు పెడితేనే తిండి. మాదిగల పుట్టుక చెప్పే జాంబపురాణం వాళ్లు ఆడి తీరాలి, అది కులం అప్పజెప్పిన పని. మిగతా రాత్రులు ఊరు అడిగిన ఆట. అక్కడ ‘నా తృప్తి కోసం’ అనే మాటకు చోటే లేదు. అయినా ఎల్లమ్మ వేషం కట్టి దిగితే అది ఆమె ఆట కాదని ఎవరనగలరు?

మళ్లీ దాశరథి దగ్గరికి. గోడ మీద బొగ్గుతో రాసిన మనిషి తర్వాత సినిమాలకు రాశాడు. 1961లో ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’. సినిమా పాట ఎట్లా పుడుతుందో తెలుసు గదా, సన్నివేశం డైరెక్టరు చెప్తాడు, ట్యూన్ సంగీత దర్శకుడు ఇస్తాడు, మాట నిర్మాతకు నచ్చాలి. కొంతమంది దీన్ని దిగజారడం అంటారు. నాకట్లా అనిపించదు. అదే ఏడాది ఆయన గాలిబ్‌ను కూడా తెలుగులోకి తెచ్చాడు. ఆ ఉర్దూ గజల్ తీయదనం ఆయన సినిమా పాటల్లో వినపడుతుంది, ఏ నిర్మాత అడిగాడని?

నాకు గుచ్చుకునేది సినిమా కాదు, ఆ తర్వాత జరిగింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను ఆస్థాన కవిని చేసింది. ఒక రాజును తిట్టి జైలుకు పోయినవాడికి ఇంకో సర్కారు ఇచ్చిన గౌరవం. 1983లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ పదవినే ఎత్తేసింది. పాఠకుడు దూరమైతే రచయితకు బాధగా ఉంటుంది గానీ, ఇంకో పాఠకుడు దొరుకుతాడు. ఆస్థానం ఒక్కటే ఉంటుంది, అది తలుపు మూస్తే మూసినట్టే. 1987 నవంబర్ 5న దాశరథి కన్నుమూశాడు.

ఆళ్వారుస్వామి అప్పటికి ఎప్పుడో లేడు. 1961 ఫిబ్రవరిలో, నలభై ఐదేళ్లకే పోయాడు. అప్పుడాయన ‘గంగు’ అని రెండో నవల రాస్తున్నాడు. అది సగంలో ఆగిపోయింది. ఆ సగాన్నే తర్వాతివాళ్లు పుస్తకంగా వేశారు. దొరికితే చదవండి, ‘ప్రజల మనిషి’ తర్వాత చదివితే ఇంకా బాగుంటుంది.