ఊరికీ ఊరికీ వియ్యం

జంట నగరాలు అనగానే మనకి హైదరాబాదూ, సికింద్రాబాదూ తప్ప వేరే ఊళ్ళు గుర్తుకు రావు. హుస్సేన్‌సాగర్‌కి ఈ గట్టున ఒకటీ, ఆ గట్టున ఒకటీ. కాని ఐరోపాలో జంట ఊళ్ళంటే అలా పక్కపక్కన ఉండేవి కావు. ఎక్కడో వందల మైళ్ళ దూరాన, భాష తెలియని దేశంలో ఉన్న ఊరితో మన ఊరు కాగితం రాసుకుని చుట్టరికం కలుపుకుంటుందన్న మాట. ఇంగ్లీషువాళ్ళు వీటిని కవల ఊళ్ళంటారు. హంగేరీవాళ్ళు తోబుట్టువు ఊళ్ళంటారు. వాళ్ళ భాషలో తోబుట్టువు అన్న మాటని విడదీస్తే 'ఒళ్ళు', 'నెత్తురు' అని రెండు ముక్కలొస్తాయట. మన రక్తసంబంధమే!

నన్నడిగితే రెండు పేర్లూ సరిపోవు. కవలలైనా, తోబుట్టువులైనా మనం ఎంచుకుంటే వచ్చేవాళ్ళు కాదు. చూసి, వాకబు చేసి, నలుగురితో ఆలోచించి కలుపుకునేది వియ్యం. లాంఛనాలు, పెట్టుపోతలు, ఒక్కోసారి అలకలు కూడా ఉంటాయి కనక ఇది అచ్చంగా వియ్యమే.

మా అమ్మాయి పురిటికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు గమనించాను. అక్కడ చాలా ఊళ్ళ పొలిమేరలో ఊరి పేరున్న బోర్డు కిందే 'ఫలానా దేశంలో ఫలానా ఊరు మాకు జంట' అని రాసి ఉంటుంది. మావారు అది చదివి, "మునిసిపాలిటీవాళ్ళు జనం సొమ్ముతో షికార్లు తిరగడానికి మంచి ఉపాయం" అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మెళ్ళో బంగారు గొలుసులు వేసుకున్న మేయర్లు ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి, విందులు తిని, ఉపన్యాసాలు చెప్పుకుని రావడం ఏ దేశంలోనైనా ఉన్నదే. కాని ఈ ముచ్చటకి మొదలెక్కడో వెతుక్కుంటూ పోతే నాకు మేయర్లు కనపడలేదు. ఒక బల్లగుడ్డ కనపడింది.

కొవెంట్రీ అని ఇంగ్లండు నడిబొడ్డున ఒక పారిశ్రామిక నగరం. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు దాని మీద తెల్లవార్లూ బాంబులు కురిపించాయి. అయిదువందల మందికి పైగా పోయారు. పాత కేథడ్రల్ మొండిగోడలతో మిగిలింది. ఆ దెబ్బనుంచి తేరుకోకుండానే, రష్యాలో స్టాలిన్‌గ్రాడ్ పట్టణం అంతకన్నా ఘోరంగా నేలమట్టమవుతున్న కబుర్లు వచ్చాయి. అప్పుడు కొవెంట్రీ ఆడవాళ్ళు 830 మంది తలకి ఆరు పెన్నీలు వేసుకుని, ఒక బల్లగుడ్డ మీద తమ పేర్లు సూదీదారంతో కుట్టి, డబ్బుతోపాటు ఆ ఊరికి పంపించారు. పెద్ద జాలి కంటే చిన్న సాయం మేలని దాని మీద రాసి కుట్టారు. 1944లో ఆ రెండు ఊళ్ళకీ చుట్టరికం కలిసింది. ఈ కాలపు జంట ఊళ్ళ కథని చాలామంది ఇక్కణ్ణించే మొదలుపెడతారు. ఆ గుడ్డ ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. రేషన్ల రోజుల్లో, దారప్పోగు దొరకడమే కష్టమైనప్పుడు, ఏ ఇంట్లో ఎవరు దీపం ముందు కూర్చుని కుట్టారో! మేయర్ల సంతకాలకి ఎన్ని కాగితాలైనా దొరుకుతాయి. ఈ సంతకాలు మాత్రం ఒక్కొక్కటీ వేలు పొడుచుకుంటూ చేసినవి.

ఒకసారి అలవాటైతే ఆగదు కదా. కొవెంట్రీ తర్వాత తర్వాత చాలా ఊళ్ళతో వియ్యమందింది. 1959లో జర్మనీలోని డ్రెస్డెన్‌తో కూడా కలుపుకుంది. కొవెంట్రీని కాల్చింది జర్మన్లయితే, 1945లో డ్రెస్డెన్‌ని బూడిద చేసింది ఇంగ్లీషు, అమెరికన్ విమానాలు. 1962లో హంగేరీ వంతు వచ్చింది. ఆ ఊరి పేరు కెచ్కెమేట్. 'కెచ్కె' అంటే వాళ్ళ భాషలో మేక. ఊరి చిహ్నం మీద కూడా దర్జాగా మేక నిలబడి ఉంటుంది. చుట్టూ పెద్ద మైదానం, జల్దారు పండ్ల తోటలు.

1962 అన్న అంకె దగ్గర ఆగక తప్పదు. అప్పటికి సరిగ్గా ఆరేళ్ళ కిందట, 1956 అక్టోబరులో, హంగేరీ జనం తిరగబడ్డారు. నవంబరులో రష్యా టాంకులు వచ్చి అణిచేశాయి. ఇంచుమించు రెండు లక్షల మంది సరిహద్దు దాటి పారిపోయారు. వాళ్ళలో ఇరవై వేల మంది దాకా ఇంగ్లండు చేరారు. అలా కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకి, తాము ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయి వచ్చారో ఆ దేశపు నగరసభ పెద్దలకి ఇక్కడ విందులూ స్వాగతాలూ జరుగుతుంటే ఎలా ఉండి ఉంటుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ రోజుల్లో అటునుంచి వచ్చేవాళ్ళు ఎవరి అనుమతీ లేకుండా వచ్చేవాళ్ళు కాదు. అటువంటివాళ్ళతో చెలిమి చేస్తే వాళ్ళ పెత్తనాన్ని ఒప్పుకున్నట్టే అని వాదించవచ్చు. కాని తలుపు మూసేస్తే లోపలివాళ్ళకి మాత్రం ఒరిగేదేముంది? పుట్టింటివాళ్ళు వియ్యంకుడి మీద కోపంతో రాకపోకలు మానుకుంటే నష్టపోయేది పిల్లే. తలుపు ఓరగా తెరిచి ఉంచడమే మంచిదని నా పక్షం. అయితే ఏ వియ్యమైనా తెగదని కాదు. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక, 2022లో కొవెంట్రీ తన మొట్టమొదటి వియ్యాన్ని, ఆ బల్లగుడ్డ ఊరిని, పక్కన పెట్టింది.

కెచ్కెమేట్ కొవెంట్రీకి కొత్త చుట్టమే గాని, ఆ ఊరికీ ఇంగ్లండుకీ అంతకు ముందే ఒక పాటల బంధుత్వం ఉంది. కొదాయ్ జొల్తాన్ అనే గొప్ప సంగీతకారుడు 1882లో పుట్టింది అక్కడే. (కొదాయ్ ఇంటిపేరు, జొల్తాన్ అసలు పేరు. ఐరోపాలో మనలాగా ఇంటిపేరు ముందు చెప్పుకునేది హంగేరీవాళ్ళే. పెళ్ళయిన ఆడవాళ్ళకి మాత్రం మొగుడి పేరు చివర 'నే' అని తగిలించి, ఫలానావారి ఆవిడ అనేసి ఊరుకోవడం వాళ్ళ పాత పద్ధతి. అందులోనూ మనకి కొత్తేం లేదు.) పల్లెల్లో తిరిగి ముసలమ్మల నోటిపాటలు పోగుచేసిన కొదాయ్‌కి ఒకటే బెంగ: బడిపిల్లలందరికీ సంగీతం ఎలా అబ్బుతుంది? ఇంగ్లండు వెళ్ళినప్పుడు అక్కడ మామూలు జనం బృందాలుగా చేరి చక్కగా పాడటం ఆయన చూశాడు. వాళ్ళు పాట నేర్చుకునే పద్ధతిని తన దేశానికి తెచ్చుకున్నాడు.

ఆ పద్ధతి ఎవరిదనుకున్నారు? నారిచ్ పట్టణంలో శారా గ్లోవర్ అని 1786లో పుట్టిన ఒక టీచరమ్మది. బీదపిల్లలకి నొటేషను గీతలూ చుక్కలూ చూపించి నేర్పడం కష్టమని, డో రే మీ పేర్లలో మొదటి అక్షరాలు మాత్రం తీసుకుని పాటలు రాసి పెట్టింది. 'సో', 'సీ' రెండూ ఒకే అక్షరంతో మొదలవుతున్నాయని 'సీ'ని 'టీ'గా మార్చింది. పైగా 'డో' ఒకే చోట స్థిరంగా ఉండదు, ఎవరి గొంతుకి అనువైన చోట వాళ్ళు పెట్టుకోవచ్చు. మన షడ్జమంలాగే! సరళీ వరసలు పాడుకుంటూ పెరిగినవాళ్ళకి ఇందులో వింతేం లేదు గాని, ఆ దేశంలో అది పెద్ద మేలు. తర్వాత జాన్ కర్వెన్ అనే పాదిరి ఆ పద్ధతిని తీసుకుని, ముందుగా ఆవిడని అడక్కుండానే మార్పులు చేసి ప్రచారం చేశాడు. పేరు ఎక్కువగా ఆయనకే వచ్చింది. ఇలాంటివి విని మనం ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశాం. న్యాయంగా చెప్పాలంటే ఒక మంచి చేర్పు మాత్రం ఆయనదే, చేతి సైగలు. పిడికిలి బిగిస్తే డో, అరచెయ్యి నేలకి చదునుగా పెడితే మీ. మనం చేత్తో తాళం వేస్తాం. వాళ్ళు స్వరాన్నే చేత్తో చూపిస్తారు.

1950లో కెచ్కెమేట్‌లో, రోజూ పాట నేర్పే మొదటి ప్రాథమిక పాఠశాల తెరిచారు. దాన్ని నిలబెట్టింది మార్తా నెమెష్‌సెగి అనే ఉపాధ్యాయిని. 1975లో అక్కడే కొదాయ్ పేరున సంగీత విద్యాలయం వెలిసింది. దేశదేశాలనుంచి, అందులో ఇంగ్లండునుంచి కూడా, టీచర్లు అక్కడికి వెళ్ళి ఆ చేతి సైగలు నేర్చుకుని వచ్చారు. తమ అమ్మమ్మల నాటి సొమ్మే తాము మరిచిపోయి, వియ్యాలవారింటికి వెళ్ళి తెచ్చుకున్నట్టయింది.

బుడాపెస్టులో డాన్యూబ్ మీదున్న గొలుసుల వంతెన కూడా ఇంగ్లీషు సంబంధమే. దాన్ని రచించిన విలియం టియర్నీ క్లార్క్ అంతకు ముందు థేమ్స్ నది మీద మార్లో అనే చిన్న ఊళ్ళో కట్టిన వంతెన దానికి చెల్లెలిలా ఉంటుంది. వంతెన కావాలని పట్టుబట్టి సాధించిన సేచెన్యి ప్రభువు 1848లో మనసు చెదిరి వియన్నా దగ్గర చికిత్సాలయంలో చేరాడు. 1849లో వంతెన తెరిచారు. 1860లో చనిపోయేదాకా ఆయన ఆ చికిత్సాలయంలోనే ఉండిపోయాడు. తన వంతెన మీద ఒక్కసారీ నడవలేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన జంట కేంబ్రిడ్జి, సెగెడ్. ఆ వియ్యం 1987లో కలిసింది గాని, అసలు కథ అంతకు అరవై ఏళ్ళ కిందటిది. సెంట్ జోర్జి ఆల్బర్ట్ అనే హంగేరీ శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తూ ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. అది చక్కెరల జాతిదని తెలుసు, అంతకుమించి ఏమీ తెలియదు. చక్కెరల పేర్ల చివర 'ఓజ్' అని వస్తుంది కనక, తెలియదన్న అర్థం వచ్చేలా 'ఇగ్నోజ్' అని పేరు పెట్టాడు. పత్రిక సంపాదకుడికి కోపం వచ్చింది. అయితే 'గాడ్‌నోజ్' అందామన్నాడు, దేవుడికే తెలుసని! అదీ చెల్లలేదు.

తర్వాత ఆయన సెగెడ్ విశ్వవిద్యాలయానికి వచ్చేశాడు. ఆ పదార్థమే సి విటమిన్ అని 1932లో తేలింది. కాని పరీక్షలకి సరిపడా దొరకడం గగనమైంది. సెగెడ్ అంటే హంగేరీకి గుంటూరులాంటిది. ఊరంతా మిరపకాయలే. అమెరికానుంచి బయల్దేరిన ఒకే జాతి మొక్క, పోర్చుగీసువాళ్ళతో మనకీ, తురకలతో వాళ్ళకీ చేరింది. కారం మనకి ఎక్కువ, కండ వాళ్ళకి ఎక్కువ. ఒకనాడు రాత్రి భోజనంలో భార్య పచ్చిగా తినే ఎర్ర మిరపకాయ వడ్డించింది. ఆయనకి తినబుద్ధి కాలేదు. వద్దంటే ఆవిడ ఏమంటుందో! ఇది పరీక్షించి చూడలేదే అని చటుక్కున తట్టి, కాయ పట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళిపోయాడు. అర్ధరాత్రయ్యేసరికి అందులో సి విటమిన్ కుప్పలుగా ఉందని తేలింది. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కొద్ది వారాల్లోనే ఇంతదాకా ఎవరూ కళ్ళచూడనంత సరుకు తయారైంది. అందులో కొంత ఇంగ్లండులో బర్మింగ్‌హాముకి పంపితే, అక్కడ హావర్త్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాని నిర్మాణం తేల్చాడు. 1937లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి, ఒకరికి వైద్యంలో, ఒకరికి రసాయన శాస్త్రంలో.

ఆ మిరపకాయ వడ్డించిన ఇల్లాలి పేరు కొర్నేలియా. ఆవిడకి టెన్నిస్ కూడా బాగా వచ్చట. తిండి దగ్గర పేచీ పెట్టి లేచి వెళ్ళిపోయిన మొగుడు అర్ధరాత్రి ఇంటికొచ్చి ఏమని చెప్పాడో, ఆవిడ ఏమందో మాత్రం ఆయన చెప్పలేదు.