గోల్కొండ–బందరు దారిలో పరిటాల

హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్ల దూరం ఉండగా, శంషాబాదు నుంచి గన్నవరానికి విమాన ప్రయాణం సుమారు ఒక గంట. ఈ రెండు అంకెల వెనుక గోల్కొండ రాజధానిని బందరు (మచిలీపట్నం) రేవుతో కలిపిన పాత దారి చరిత్ర ఉంది. ఆ దారి కొండపల్లి వైపు దిగే చోట, నేటి కంచికచర్ల మండలంలో, పరిటాల ఉంది.

17వ శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు బందరులో కోఠీలు, అంటే గిడ్డంగులతో కూడిన వర్తక స్థావరాలు, నెలకొల్పుకొన్న కాలంలో ఈ దూరాన్ని పాత దూరమానమైన క్రోసుల్లో లెక్కించేవారు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే నేరుదారిని 100 క్రోసులుగానూ, కొల్లూరు వజ్రాల గని మీదుగా వెళ్ళే దారిని 112 క్రోసులుగానూ పేర్కొన్నాడు. నేటి హైదరాబాదు–మచిలీపట్నం రోడ్డు సుమారు 340 కిలోమీటర్లు గనుక, ఆయన చెప్పిన క్రోసు మూడు కిలోమీటర్లకు పైబడిందన్నమాట. కొండలు, చెరువులు, ఏర్లు అడ్డుపడటం వల్ల ఆ దారిన బండ్లు నడవడం బహు కష్టమనీ, సరుకును ఎద్దుల మీద, గుర్రాల మీద వేసి తోలేవారనీ, అయితే ఇక్కడి పల్లకీలు మిగతా దేశంలోని వాటికంటె పెద్దవనీ, వాటిలో ప్రయాణం త్వరగానూ చవకగానూ సాగేదనీ ఆయన రాశాడు. నాటి వేగం చక్రాలది కాదు, బోయీల భుజాలది.

ఈ దారి విలువను పెంచినవి వజ్రాలే. 1766లో ఉత్తర సర్కారులనే కోస్తా జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి దక్కినప్పుడు నిజాం వజ్రాల గనులను, వాటికి చెందిన గ్రామాలను తన కిందే ఉంచుకొన్నాడు. అందువల్ల పరిటాల, దాని చుట్టుపక్కల గ్రామాలు కొన్ని బ్రిటిషు నేల మధ్య నిజాం ద్వీపంలా మిగిలి, 1947లో స్వాతంత్ర్యం వచ్చేనాటికీ అలాగే ఉన్నాయి. దారి ఒక్కటే అయినా దానిమీద ఏలుబడులు రెండు కావడం ఈ మెట్టసీమ చరిత్రలో అరుదైన విశేషం.

1889లో బెజవాడ (విజయవాడ) చేరిన నిజాం రైలు మార్గం మాత్రం ఈ దారిని విడిచిపెట్టింది. సింగరేణి బొగ్గు కూడా ఆ మార్గ విస్తరణకు ఒక కారణం కావడంతో, అది ఓరుగల్లు, ఖమ్మం మీదుగా సుమారు 350 కిలోమీటర్లు చుట్టి వచ్చింది. దూరం పెరిగినా కాలం తగ్గినందువల్ల ప్రయాణికులు రైలువైపే మొగ్గారు. జగ్గయ్యపేట, నందిగామ, పరిటాలలకు పూర్వపు ప్రాముఖ్యం తిరిగి తెచ్చినది మోటారు రోడ్డు. అదే కాలక్రమంలో 9వ నెంబరు జాతీయ రహదారిగా, తరువాత 65వ నెంబరుగా మారింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గన్నవరంలో వేసిన విమానాశ్రయం పౌర విమానాలకు అక్కరకు వచ్చాక, గగన మార్గం ఊళ్ళతో పని లేకుండా సాగింది.

అయినా నేల మీది లెక్కను నేటికీ ఏర్లే తేలుస్తాయి. తావెర్నియే కాలపు అడ్డంకుల్లో ఒకటైన వరద నాలుగు వరుసల రహదారికీ తప్పలేదు: 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద రోడ్డును ముంచెత్తినప్పుడు, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు నిలిచిపోయాయి.