పద్దెనిమిది పర్యాయాల పరీక్ష

తుక్కుగూడకు అనతిదూరంలోని ముచ్చింతలలో భగవద్రామానుజుల 216 అడుగుల పంచలోహ విగ్రహం 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైంది. దర్శనార్థులకు ఆయన సమతామూర్తిగా సుపరిచితులు. ఆ ఆచార్యులే ఒకప్పుడు శిష్యులై ఎంతటి పరీక్షకు నిలిచారో అంతగా స్మరణకు రాదు.

విద్యను బట్టి పరీక్ష మారాలన్న వివేకం మన సంప్రదాయంలో ప్రాచీనం. ఆంధ్రదేశంలో విశేషంగా అధ్యయనం చేసే తైత్తిరీయ సంహితలో యాభై పదాలకు ఒక పనస. అనువాకం ముగియగానే ప్రతి పనస చివరి పదాన్నీ, ఆపై మిగిలిన పదాల సంఖ్యనూ వల్లిస్తారు. ప్రథమానువాకానికి ఆ సంఖ్య 43. ఒక్క పదం జారినా లెక్క తప్పుతుంది. పరీక్షాధికారి వేరే అక్కరలేదు. పద, క్రమ, జటా, ఘన పాఠాలు ఆ ధారణాశక్తికే ఉత్తరోత్తర నికషలు. అయితే అర్థమెరుగని అధ్యేతను భారం మోసే స్తంభంతో పోల్చిన యాస్కుని మాటను బట్టి, ఈ కొలత ఎంతవరకు చెల్లుతుందో పూర్వులకు తెలుసు.

క్రీ.శ. 1017లో అవతరించిన రామానుజులు మంత్రరహస్యార్థం కోసం తిరుక్కోట్టియూరు నంబిని ఆశ్రయించే నాటికే శాస్త్రపారంగతులు. పాండిత్యాన్ని పరీక్షించవలసిన పని లేదు. నంబి ఆయనను పదే పదే త్రిప్పి పంపారు. శ్రీరంగం నుండి పద్దెనిమిది పర్యాయాలు నడిచారని గురుపరంపరా గ్రంథాల కథనం. కొలిచినది ఆర్తిని, అహంకారరాహిత్యాన్ని. దండపవిత్రాలతో ఏకాకిగా రమ్మంటే కూరత్తాళ్వాన్‌ను, ముదలియాండాన్‌ను వెంటబెట్టుకొని వెళ్లి, వీరే నా దండపవిత్రాలని విన్నవించారట! ఇటువంటి పరీక్ష ఏకశిష్యునికే సాధ్యం. నలభైమంది కూర్చున్న తరగతిలో దీనిని అనుసరిస్తే అది గురువు ఇష్టాయిష్టాల పాలై, శిష్యుని నిజస్థితి మరుగున పడే ప్రమాదమున్నది.

చివరకు ఉపదేశం లభించింది, ఎవరికీ వెల్లడించరాదన్న నియమంతో. మరునాడే రామానుజులు ఆ అర్థాన్ని ఆర్తులందరికీ చాటారు. గోపురమెక్కి చాటారని లోకప్రసిద్ధి. నంబి ఆగ్రహించి ఆజ్ఞోల్లంఘనకు ఫలమేమిటని ప్రశ్నించారు. నరకమే ఫలమని, ఇందరు తరిస్తే తానొక్కడు అక్కడికి పోవడం సమ్మతమేనని శిష్యుని సమాధానం. పద్దెనిమిది పర్యాయాలలోనూ నంబి అడగని ప్రశ్న అది. విన్న వెంటనే ఆయన రామానుజులను ఆలింగనం చేసుకొని, ఎంపెరుమానార్ అని పిలిచారు.