అశోక్‌నగర్‌లో అడ్రినలిన్

ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షల బిట్‌బ్యాంకుల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఆపద వచ్చినప్పుడు పోరాటానికో పలాయనానికో ఒంటిని సిద్ధం చేసే హార్మోన్ ఏది? అడ్రినలిన్ అని టిక్కు పెట్టేసి పేజీ తిప్పుతారు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల దగ్గర, నారాయణగూడ హాస్టళ్లలో ఈ బిట్టును బట్టీ పట్టినవాళ్లకు లెక్కలేదు. ఆ హార్మోన్ గుట్టు విప్పిన ప్రయోగాల్లో పరీక్ష రాసి బయటికొచ్చిన విద్యార్థులు కూడా ఉన్నారన్న సంగతి మాత్రం ఏ బిట్టులోనూ ఉండదు.

ఒంట్లో కబుర్లన్నీ నరాల మీదుగానే నడుస్తాయని పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా చాలామంది శాస్త్రజ్ఞులు అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగుకు వెళ్లే నరాలు తెంపేసి చూశారు. అయినా పేగులో ఆమ్లం పడగానే క్లోమరసం ఊరింది. అంటే కబురు రక్తంలో వెళ్లింది. ఇలాంటి రసాయనాలకు హార్మోన్లన్న పేరు 1905లో స్టార్లింగే పెట్టాడు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరుచేసినట్టు జపాన్‌కు చెందిన తకమినె 1901లోనే ప్రకటించాడు.

అది ఎప్పుడు, ఎందుకు ఊరుతుందో పట్టుకున్నవాడు హార్వర్డ్‌లోని వాల్టర్ కానన్. 1911లో మొరిగే కుక్కను పిల్లి ఎదుట నిలబెట్టి, బెదిరిన పిల్లి రక్తంలో అడ్రినలిన్ జాడ చూపించాడు. ఆ తర్వాత ఆయన పుస్తకంలో మనుషుల లెక్కలూ చేరాయి. కఠినమైన పరీక్ష రాసొచ్చిన తొమ్మిదిమంది వైద్య విద్యార్థుల్లో నలుగురి మూత్రంలో అడ్రినలిన్ పనికి గుర్తుగా చక్కెర కనబడింది. మామూలు రోజుల్లో వాళ్లెవరికీ లేదు. తేలికపాటి పరీక్ష తర్వాత చూస్తే ఒక్కరికే ఉంది. 1913లో ఫుట్‌బాల్ సీజన్ చివరి మ్యాచ్ ముగియగానే హార్వర్డ్ జట్టులో పాతికమందిని పరీక్షిస్తే పన్నెండుమందిలో చక్కెర తేలింది. ఆ పన్నెండుమందిలో అయిదుగురు అసలు మైదానంలో అడుగే పెట్టని సబ్‌స్టిట్యూట్లు.

ఈ కథలో నాకు ముఖ్యం ఆ అయిదుగురే. భయం పుట్టగానే మెదడు నరాల ద్వారా అడ్రినల్ గ్రంథిని తడుతుంది. అడ్రినలిన్ క్షణాల్లో రక్తంలో కలిసి గుండె వేగం పెంచుతుంది, కాలేయం దాచిపెట్టిన గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా మార్చిస్తుంది. పరుగెత్తేవాడికి ఆ ఇంధనంతో పనుంది. పిలుపు ఎప్పుడొస్తుందా అని బెంచీ మీద కూర్చున్నవాడికి?

ఫుట్‌బాల్ జట్టు పరీక్షల్లో కానన్‌కు తోడున్న సి.హెచ్.ఫిస్కే మనకు కొత్తవాడేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, తర్వాత పనిచేసింది ఆయన దగ్గరే. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1929లో ఇద్దరూ కండరం నుంచి కణాలకు శక్తినందించే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్‌ కూడా దాన్ని కనుగొన్నాడు. కాలేయ కణంలో అడ్రినలిన్ చేసే పని ఈ ఏటీపీ లేకుండా జరగదని 1950ల్లో ఎర్ల్ సదర్లాండ్ పరిశోధనల్లో తేలింది. అడ్రినలిన్ కణంలోకి వెళ్లదు, పైపొర మీదే ఆగి కబురందిస్తుంది. లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారై మిగతా పని నడిపిస్తుంది. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మన తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులూ ప్రిలిమ్స్ మూడుసార్లు రాశారు, కాకపోతే తప్పినందుకు కాదు. 2022 అక్టోబరు 16న రాసింది పేపర్ లీకుతో పోయింది, 2023 జూన్ 11న రాసింది హైకోర్టు తీర్పుతో పోయింది. మూడోది 2024 జూన్ 9న జరిగింది.

అడ్రినలిన్ జోరు నిమిషాల్లో తగ్గుతుంది. దాని వెనకే నింపాదిగా వచ్చేది కార్టిసాల్. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి చెబుతుంది, అది అడ్రినల్ గ్రంథి పైపొరకు చెబుతుంది. తయారైన కార్టిసాల్ మళ్లీ పైకి వెళ్లి ఆ రెండింటినీ ఇక చాలంటుంది. ఈ గొలుసులో మొదటి హార్మోన్‌ను పట్టుకోవడానికి వైలీ వేల్ బృందం దాదాపు 4,90,000 గొర్రెల మెదళ్ల నుంచి హైపోథాలమస్ ముక్కలు సేకరించింది. ఫలితం 1981లో దక్కింది. ఆరోగ్యవంతుల్లో కార్టిసాల్ నిద్రలేచిన కాసేపటికి శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అట్టడుగుకు దిగుతుంది. స్టడీ హాలులో రాత్రి రెండింటిదాకా లైటార్పనివాళ్ల సంగతి వేరే చెప్పాలా.

ఇక చాలన్న కబురు అందని రోజులు నెలలుగా సాగితే? 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే కొత్త హార్మోన్ దొరికిందన్న ఆశతో ఎలుకలకు అండాశయ సారం ఎక్కించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. ఫార్మలిన్ ఎక్కించినా అదే జరిగింది. కొత్త హార్మోన్ ఆశ అక్కడితో సరి, కానీ ఒత్తిడి శాస్త్రం పుట్టింది ఆ ఆశాభంగం నుంచే. 1998లో ఓహియో పరిశోధకులు పదకొండుమంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూస్తే, వేసవి సెలవుల్లోకంటే పరీక్షల ముందు మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది.

అన్నిటికంటే నన్ను ఆపేసింది 1970లో జే వైస్ అచ్చువేసిన ప్రయోగం. రెండు ఎలుకలకూ ఒకే మోతాదు కరెంటు షాకు. ఒకదానికి షాకుకు ముందు సంకేతం వినిపిస్తుంది, రెండోదానికి ఎప్పుడు తగులుతుందో తెలియదు. కడుపులో పుండ్లు ఎక్కువ పడింది రెండోదానికే. అందుకే అశోక్‌నగర్ పిల్లల్ని సిలబస్ భారం కుంగదీస్తోందన్న మాటను నేను సగమే నమ్ముతాను. చదువు బరువు కనీసం కళ్లెదుట ఉంటుంది, పరీక్ష తేదీ అలా ఉండదు.

783 పోస్టుల గ్రూప్-2 చూడండి. నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టులో అన్నారు. తర్వాత నవంబరు, ఆపైన 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. ఆ ఆఖరి వాయిదా కోసం అశోక్‌నగర్ రోడ్ల మీద బైఠాయించిందీ అభ్యర్థులే. వాళ్లను తప్పుపట్టలేను: మూడు తేదీలు చూసినవాడికి నాలుగోదాని మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? కాకపోతే వాయిదా ఉత్తర్వు వచ్చిన రాత్రి గుండెదడ తగ్గుతుంది తప్ప నిరీక్షణ తగ్గదు, మరో నాలుగు నెలలు సాగుతుంది. ఆ నాలుగు నెలల హాస్టల్ అద్దె, మెస్ బిల్లు ఊళ్లో నాన్న పంపాలి.